రెండో గొంతు

…అంటే మొదటిమాట ఒక్కటి కూడా నాది కాదా, అని అతను లిఫ్టు గోతిలో నిలబడి ఆలోచిస్తున్నాడు. హైస్కూలు వదిలాక గడిచిన ఇంత కాలంలో ఒక్కటైనా ఉండాలి కదా. తాళంచెవి కోసం జేబులు తడుముకున్నట్టు వెతుకుతున్నాడు. బాధేమీ లేదు. దొరికితే ఎలా ఉంటుందో చూద్దామని, అంతే.

భవనం నెత్తిన ఉన్న మోటారు గదిలో బావ ఉన్నాడు. అక్క మొగుడు. హైస్కూలు అయిపోయిన వేసవిలో ఇతన్ని ఈ పనిలోకి తెచ్చింది ఆయనే. లిఫ్టులు బాగుచేసేవాళ్ళు జంటగా పనిచేస్తారు, ఒకరు పైన, ఒకరు కింద. పైవాడు తను చెయ్యబోయేది వాకీటాకీలో చెబుతాడు. కిందివాడు అదే మాట తిరిగి చెబుతాడు. అది వినబడ్డాకే పైవాడు స్విచ్చి మీద చెయ్యి వేస్తాడు.

"రెండో అంతస్తు దాకా దించుతున్నా."

"రెండో అంతస్తు దాకా దించుతున్నావ్."

చీకట్లో లిఫ్టు పెట్టె అడుగుభాగం మెల్లగా దిగివచ్చి ఆగింది. తాళ్ళు కాసేపు వణికాయి.

రేపటినుంచి బావ రాడు. మోకాళ్ళు మొరాయించాయి. "పైన మీరుంటారా, కొత్తమనిషిని పంపమంటారా? సాయంత్రంలోగా చెప్పండి" అన్నాడు సూపర్‌వైజరు. వద్దంటే ముక్కూమొహం తెలియనివాడి గొంతు కింద మిగతా ఉద్యోగమంతా గడిచిపోతుంది. సరేనంటే మొదటిమాట తను చెప్పాలి. అది తనవల్ల అవుతుందో లేదో అతనికి నిజంగానే తెలియదు.

ఎందుకంటే ఈ అలవాటు ఇంటికి కూడా పాకింది. భార్య వంటింట్లోంచి "పాలు విరిగిపోయాయి" అంటుంది. "పాలు విరిగిపోయాయి" అంటాడు.

"విన్నారుగా, సంతోషం. ఇక లేచి తెచ్చేదేమైనా ఉందా?"

కూతురు పుట్టినప్పుడు నర్సు బయటికొచ్చి "ఆడపిల్ల" అంది. ఇతను "ఆడపిల్ల" అన్నాడు. "అయితే ఏమిటంట?" అని నర్సు విరుచుకుపడింది.

ఆ ఆడపిల్ల మొన్ననే హైస్కూలు ముగించింది. నిన్న భోజనాల దగ్గర అడిగింది: "నాన్నా, నా వయసులో నువ్వేం అవుదామనుకున్నావ్?"

"నీ వయసులో నేనేం అవుదామనుకున్నాను…"

"అడిగింది నేను నాన్నా!"

భార్యకి నవ్వుతో పొలమారింది. తనూ నవ్వాడు. కానీ ఆ ప్రశ్న పొద్దున్నే అతని వెంట ఈ గోతిలోకి దిగింది. బడి ఆఖరిరోజున ప్రహరీ మీద కూర్చుని ఎవరేం చేస్తారో చెప్పుకుంటుంటే, పక్కవాడు "మిషన్లు" అన్నాడని తనూ మిషన్లే అన్నాడు. బావ "నాతో రారా" అంటే "నీతో వస్తా" అన్నాడు. పెళ్ళిమాట ఎత్తింది కూడా భార్యే, బస్టాపులో. "మనం పెళ్ళి చేసుకుంటే బాగుంటుందేమో" అంది. "చేసుకుంటే బాగుంటుంది" అన్నాడు.

మరి ఈ జీవితాన్ని ఎంచుకున్నది ఎవరు?

ఆగు. ఆ రోజు బస్టాపులో ఆ మాట వెంటనే అనలేదు. ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి, వెళ్ళిపోయింది కూడా. అంతసేపూ ఏం చేస్తున్నాడు తను? ఆమె సంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, తనవైపు చూడకుండా రోడ్డు చూస్తోంది. అది గమనిస్తున్నాడు. ఇక్కడ గోతిలో మాట తిరిగి చెప్పేముందు కాళ్ళెక్కడున్నాయి, పనిముట్లెక్కడున్నాయి అని చూసుకున్నట్టే. చిలకైతే ఠక్కున పలికేది. తను పలకలేదు.

అతనికి ఆసక్తి పెరిగింది. మరి అసలు తిరిగి చెప్పనివి? "నా దుకాణంలోకి వచ్చెయ్" అన్నాడు నాన్న. ఇతను చెప్పుల వైపు చూస్తూ ఊరుకున్నాడు. నాన్న ఎదురుచూసి ఎదురుచూసి వాన గురించి మాట్లాడాడు. దుకాణం మాట మళ్ళీ రాలేదు. ఒకసారి బావే "దించుతున్నా" అంటే తను నోరు మెదపలేదు, స్పానరు ఒకటి పెట్టె జారే పట్టా పక్కన ఇరుక్కుని ఉంది కనక. అది ఊడివచ్చేదాకా పైన బావ తిడుతూనే ఉన్నాడు, స్విచ్చి మాత్రం ముట్టుకోలేదు. ఆ భవనంలోని మెట్లెక్కలేనివాళ్ళంతా, తను ఒక్కమాట అనలేదని లిఫ్టు కోసం నిలబడిపోయారు.

విచిత్రంగా ఉందే, అనుకున్నాడు. పొద్దున్నుంచీ వెతకవలసినచోట కాకుండా ఇంకెక్కడో వెతుకుతున్నానా?

వాకీటాకీ గరగరమంది.

"ఒరేయ్, ఆ సూపర్‌వైజరుకి నేనే ఫోన్ చేసి చెప్పేస్తున్నా, నువ్వు కిందే ఉంటావని. నీకెందుకొచ్చిన తలనొప్పి!"

తిరిగి చెప్పడానికి నోరు దానంతటదే తెరుచుకుంది. అతను దాన్ని అలాగే తెరిచి ఉంచి, లోపలికి చూసుకున్నాడు. భయం ఉంది. ఉన్నచోటే ఉంది, పెద్దదేమీ కాదు. దాని పక్కన, పైగదిలోంచి చూస్తే ఈ గొయ్యి ఎలా కనిపిస్తుందో చూడాలన్న కోరిక కూడా ఉంది. అది ఎప్పటినుంచి ఉందో తెలియదు.

"పలకవేంరా? తెగింది తాడా, నీ నాలుకా?"

అతను బటన్ నొక్కాడు. మొదట ఊపిరి ఒక్కటే వెళ్ళింది.

"ఫోన్ చెయ్యకు బావా. రేపట్నుంచి పైన నేనుంటా."

బటన్ మీది వేలు తీసి, పైనుంచి ఆ మాట తిరిగి వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు.