పొట్టి వెంటపడిన ఎర్ర చుక్క

మా పరిశోధనశాలలో నా దగ్గర పనిచేసే పిల్లను నేను పొట్టి అంటాను; అది నాలుగేళ్లుగా ఒకే గెలాక్సీ వెంట పడుతోంది. విశ్వం ఇంకా పసితనంలో ఉన్నప్పటిది. ఫోటోలో చూస్తే ఎర్ర చుక్క, అంతే. అందులో నక్షత్రాలు ఎంత వేగంగా పుడుతున్నాయో తేలాలంటే దాని వెలుగును రంగులుగా విడదీసి వర్ణపటం తీయాలి. పెద్ద టెలిస్కోపు మాకు ఏడాదికి ఒక్కసారే దొరుకుతుంది. పొట్టి ఉద్యోగమేమో ఈ నెలాఖరు దాకే. వర్ణపటంలో ఏదైనా కనబడితేనే పొడిగింపు.

ఇక నా ఘనకార్యం వినండి. అంత మసక గెలాక్సీ టెలిస్కోపుకు నేరుగా ఆనదు. పక్కనున్న నక్షత్రం మీద గురిపెట్టి, అక్కణ్నుంచి ఇంత జరగమని లెక్క ఇస్తాం. ఆ లెక్క పొట్టి చేయాల్సింది. ఆ రోజు దాని కూతురికి జ్వరం.

"నువ్వెళ్లవే తల్లీ! ఇదేమన్నా బ్రహ్మవిద్యా? నేను చూసుకుంటాగా," అని కసిరి మరీ పంపాను.

ఇవాళ పొద్దున ఫలితం వచ్చింది. తెర మీద ఏమీ లేదు. పొట్టి మొహం పాలిపోయింది.

"అక్కా, అసలు నా గెలాక్సీయే లేదేమో. కెమెరా మచ్చను పట్టుకుని నాలుగేళ్లు వేలాడానేమో."

"నోర్ముయ్," అని నా గదిలోకొచ్చి లెక్క మళ్లీ చూశాను. నక్షత్రం ఉన్నచోటును పన్నెండేళ్ల పాత ఫోటోలోంచి తీసుకున్నాను. ఈలోగా అది కదిలింది. వెంట్రుకవాసే, కానీ గురి తప్పడానికి అది చాలు. నక్షత్రాలు కదులుతాయని తరగతిలో గొంతు చించుకునేది నేనే! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వెళ్లి డైరెక్టరును కాళ్లావేళ్లా పడి బతిమాలాను. తప్పు నాది, పిల్లను ఉంచండి అన్నాను.

"మళ్లీ టెలిస్కోపు వచ్చే ఏడాదే కదమ్మా. అప్పటిదాకా ఏం చూపించి ఉంచమంటావు?" అన్నాడాయన.

ఆయన మాటలో తప్పేం లేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

తిరిగొచ్చేసరికి పొట్టి బల్ల సర్దుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంటే మనం చూసింది పక్కనున్న ఖాళీనా?"

"అవునే."

"అయితే అది అక్కడే ఉందా అక్కా?"

"ఉంది."

పొద్దుట్నుంచి బిగబట్టిన ఏడుపు దానికి అప్పుడొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. తరవాత నాలుగేళ్ల నోట్సు కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"వచ్చే ఏడాది నువ్వు చూడు. అందులో నక్షత్రాలు ఎన్ని పుడుతున్నాయో ఫోన్ చేసి నాకు చెప్పు, చాలు."

సరేనన్నాను. ఇంకేం చేయగలను?