ఘాటు లేని ఉల్లిపాయలు

ఆదివారం చర్చికి కట్టుకెళ్ళిన చీరైనా మార్చుకోకుండా, విజయకుమారి కొట్టుగదిలో కూర్చుని ఒక్కో ఉల్లిపాయనీ మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తోంది. వేలు మెత్తగా దిగిందంటే లోపల కుళ్ళు మొదలైనట్టే. దిగినదాన్ని వేరే తీసి పెడుతోంది. రేపటి నుంచి రాజమండ్రిలో హెడ్మాస్టర్ల ట్రైనింగు. ఐదు రోజులూ అక్కడే ఉండాలి. వెళ్ళకపోతే తనకి రావాల్సిన హెడ్మాస్టరు పోస్టు లిస్టులో వెనకున్నవాళ్ళకి పోతుంది. ఇన్నాళ్ళ ఉద్యోగంలో తనకోసం నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఘాటుండదు, పచ్చివే కొరుక్కు తినొచ్చు, ఒంటికి చలవ అని ఎవరో చెబితే భర్త ఎలీషా మలికిపురంలో బస్తా కొని ఆటోలో వేయించుకొచ్చాడు. కోస్తే కన్నీళ్ళు కూడా రావని మురిసిపోయాడు, కోసేది తనే అయినట్టు. ఎలీషాది కొబ్బరి వ్యాపారం. కొబ్బరికాయల్ని పోసినట్టే వీటినీ ఓ మూల రాశి పోసి గోనె కప్పేశాడు. వీటిలో నీరెక్కువ, పొర పల్చన, ఎర్రపాయల్లా నెలల తరబడి ఆగవు, గాలి తగిలేలా విడివిడిగా పరుద్దామని ఆమె అంది. కాయ నిలవపెట్టడం నాకే నేర్పుతావా, ఆ పాఠాలేవో నీ బళ్ళో చెప్పుకో అన్నాడు.

గోనె కింద చెమ్మ పట్టి వాసన మొదలయ్యేసరికి ఆ రాశి ఎవరు పోశారో అందరూ మరిచిపోయారు. ఆడది పట్టించుకోని ఇల్లు ఇలాగే ఏడుస్తుందన్నాడు ఎలీషా. అప్పట్నుంచీ కుళ్ళేలోపు అవగొట్టాలని, పొద్దున్న పెరుగుపచ్చడి, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం పకోడీలు. ఉల్లిలో నీటికి పిండి జారై పకోడీ నూనె పీల్చుకుంటే దానికో మాట. బాగున్నవాటిని పాత చీర మీద పరిచి, బడి నుంచి రాగానే తిరగేస్తోంది. ఎక్కాలు చెబుతూ చెబుతూ తన చేతులు వాసన చూసుకుంటోంది. తను లేనప్పుడు ఇవన్నీ కుళ్ళిపోతే ట్రైనింగునే తిడతారు. పోనీ మానేస్తే? మానేస్తే ఎవరూ ఏమీ అనరు. అన్నిటికంటే అదే ఆమెకు భయంగా ఉంది.

వాకిట్లో చెప్పులు విడుస్తూ ఎలీషా, ఈ ఉల్లిపాయల సంగతి తేల్చి కదలమన్నాడు. కుదరకపోతే ట్రైనింగు వచ్చే ఏడు చూసుకోవచ్చులే అని చల్లగా అన్నాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు పాపాయమ్మ వంత పాడింది.

"ఉల్లి చేసే మేలు తల్లి కూడా చెయ్యదంటారమ్మా. అలాంటిదాన్ని కుళ్ళబెట్టుకుని పోతావా?"

విజయకుమారికి ఏడుపొచ్చింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. లేచి చేతులు కడుక్కుంది. సర్దిన బ్యాగు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. అత్తగారి వైపు తిరిగింది.

"ఆయ్, నిజమేనండి అత్తయ్యగారూ. తల్లికంటే ఎక్కువే చేస్తుంది కదండీ. నేనొచ్చేవరకూ ఈ ఇంటిని ఉల్లే చూసుకుంటుందండి."