జారని బూట్లు

ఫుట్‌బాల్ గురించి ఇస్సాకుకు తెలియని సంగతి ఒకటుందంటే సంతోష్‌నగర్‌లో ఎవరూ నమ్మరు. అందరికంటే ముందు ఇస్సాకే నమ్మడు. వయసులో ఉన్నప్పుడు కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ జట్టుకు, గోలు ముందు అడ్డుగోడలా నిలిచే స్టాపర్‌గా ఆడాడు. ఆ ఆట చూసే ఫ్యాక్టరీవాళ్లు ఉద్యోగమిచ్చారు. మోకాలు విరిగి ఆట మధ్యలోనే పోయినా, ఉద్యోగం మాత్రం రిటైరయ్యేదాకా నిలబడింది.

ఆ మోకాలి కథ వీధిలో అందరికీ కంఠతా వచ్చు. ముసురు పట్టిన రోజు. గ్రౌండంతా బురద. బంతి కోసం ఉరికాడు, పక్కకు తిరిగాడు, కాలు జారింది, అంతే. "జారుడే నన్ను ఖతం జేసింది" అంటాడు. తర్వాత కాస్త నవ్వించకపోతే తోచదు కాబట్టి, "నన్ను ఎత్తుకొని పోతున్నరు గని నా బూటు ఆడనే బురదల నాటుకొని ఉన్నది, ఇద్దరు గుంజితే గని రాలే" అని ముగిస్తాడు. వినేవాళ్లు ఎన్నోసారి వింటున్నా ముందు అయ్యో అనాలి, చివర నవ్వాలి. ఏది తప్పినా కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇంతటి ఇస్సాకు బుర్రను తిరగేసింది పచ్చగా ఉండీ పెరగని గడ్డి.

కూతురు రూపదీ స్టాపర్ స్థానమే. కాకపోతే తండ్రిలా ఫ్యాక్టరీకి కాదు, జీతమిచ్చి ఆడించే క్లబ్బుకు. పోయిన సీజన్‌లో గడ్డి మైదానంలో కనిపించని గుంటలో అడుగు పడి మోకాలు మెలిపడింది. నెలల తరబడి కట్టు, కసరత్తు, కన్నీళ్లు. ఇన్నాళ్లకు డాక్టరు ఆడుకోవచ్చన్నాడు. ఆదివారం మ్యాచ్‌లో ఆ మోకాలు నిలబడితేనే వచ్చే ఏడాదికి కాంట్రాక్టని కోచ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. అయితే ఆమె మంచంలో ఉన్న రోజుల్లో క్లబ్బువాళ్లు గుంటల గడ్డినంతా పీకించి, దాని చోట ప్లాస్టిక్ గడ్డి పరిపించారు.

ప్రాక్టీసు చూసే వంకతో ఇస్సాకు వెళ్లి ఆ గడ్డి మీద చేత్తో రాశాడు. వేళ్ల సందుల్లోకి నల్లటి రబ్బరు రవ్వ వచ్చింది. వాసన చూశాడు. కొత్త చెప్పుల వాసన.

"దీన్ని కోసుడెవరు బిడ్డా?"

"కోసుడుండది బాపూ. పెరిగితే గద!"

"మరి గా పైపులేంది?"

"మ్యాచ్‌కు ముందుగాల నీళ్లు కొడతరు. ఎండకు పెనం లెక్క కాల్తది."

పెరగని గడ్డికి నీళ్లెందుకో, మనిషి చేసిన గడ్డికి ఎండ ఎందుకు తగలాలో, అసలు గుంటలున్న గడ్డి నయమో గుంటల్లేని ప్లాస్టిక్ నయమో ఆయనకు తలా తోకా దొరకలేదు. గడ్డి మీద బిడ్డ కాలు పోయింది, నిజం. దేవుడు పుట్టించిన గడ్డే అంత పని చేస్తే, ఫ్యాక్టరీలో పుట్టిన గడ్డి ఏం చేస్తుందోనని భయం పట్టుకుంది. కోచ్ పక్కనుంచి పోతూ "మంచిగుంది గద అన్నా, పీట లెక్క చదును" అన్నాడు. ఇస్సాకు తలూపాడు. ఎందుకు ఊపాడో ఆయనకే తెలియదు.

ఆ భయానికి ఇంట్లోనే రుజువు దొరికింది. శుక్రవారం పొద్దున గుమ్మం ముందు పరిచిన ప్లాస్టిక్ చాప మీద నీళ్లు ఒలికి ఉంటే, ఇస్సాకు కాలు పెట్టాడు. సర్రున జారి గోడ పట్టుకుని ఆగాడు. భార్య మాణిక్యమ్మ వంటింట్లోంచి తొంగి చూసి "కండ్లు యాడ పెట్టి నడుస్తున్నవయ్యా?" అంది. ఆయన చాపకేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు. ప్లాస్టిక్. నీళ్లు. జారుడు. ఇక ఒకరు చెప్పేదేముంది! ఆదివారం ప్లాస్టిక్ మీద నీళ్లు కొడతారు, దాని మీద బిడ్డను ఉరికిస్తారు.

గుమ్మం పక్కన రూప బూట్లు ఆరుతున్నాయి. తిరగేసి చూశాడు. అడుగున శనగగింజలంత బుడిపెలు, బోలెడన్ని. వీటితో చాప మీదే నిలబడలేరు, మైదానం మీద ఏం నిలబడతారు? బిడ్డకు చెబితే "నీకు తెల్వది బాపూ" అంటుంది. ఈమధ్య ఆ మాట ఎక్కువైంది. శనివారం ప్రాక్టీసు లేదు కాబట్టి ఆ రోజే బూట్లను సంచిలో వేసుకుని షాలిబండ బస్సెక్కాడు.

షాలిబండలో బూట్లు బాగుచేసే దుకాణం ఇప్పుడు రామ్‌చందర్ నడుపుతున్నాడు. ఆ రోజుల్లో ఇస్సాకు బూట్ల అడుగున బుడిపెల్లాంటి స్టడ్లు కొట్టింది రామ్‌చందర్ తండ్రే. మైదానం గట్టిగా ఉంటే పొట్టివి, వాన పడితే పొడుగువి, తోలు పొరలు పేర్చి మేకులు దించేవాడు.

"ఇస్సాకన్నా, గివి మంచిగనే ఉన్నయి గద, మల్ల పొడుగువి ఎందుకు?" అన్నాడు రామ్‌చందర్ బూట్లు తిప్పి చూస్తూ.

"ప్లాస్టిక్ మీద ఆడుతదిర బిడ్డ. జారుతది. భూమిల దిగేటియి గావాలె."

"యాదికుందా అన్నా, నీ ఆఖరి మ్యాచ్‌కు గూడ బాపు గిట్లనే పెద్దయి కొట్టిండు. నేను మేకులు అందిచ్చిన. గా మ్యాచ్‌లనే గద నీ కాలు పోయింది?"

"జారిన గద! గవి గూడ లేకుంటే ఇంక జల్ది పడేటోన్ని."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడితో వాదనేమిటనుకున్నాడేమో, రామ్‌చందర్ పాత టైరు కోసి, చిన్న బుడిపెల సందుల్లో బొటనవేలంత ముక్కలు సొల్యూషన్‌తో అంటించి, సన్న మేకులు దించాడు. ఇస్సాకు వాటిని నేలకేసి తొక్కి చూశాడు. ఎంత గుంజినా కదల్లేదు. మనసు కుదుటపడింది. చాలా రోజుల తర్వాత బిడ్డకు పనికొచ్చే పని ఒకటి చేశాననిపించి, తోవంతా ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఆదివారం బూట్లు తనే తుడిచి, సంచిలో పెట్టి జిప్పు వేశాడు. రూప ఆశ్చర్యపోయి "ఏంది బాపూ, గింత ప్రేమ?" అంటూ పోయింది. మధ్యాహ్నం మాణిక్యమ్మను స్కూటరెక్కించుకుని మైదానం గేటు దగ్గరికి చేరేసరికి ఫోను మోగింది.

"బాపూ, నా షూస్‌కు ఏం జేసినవ్?"

ఆ గొంతులో కోపం లేదు. ఏడుపుంది. ఇస్సాకుకు అది అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

డ్రెస్సింగ్ రూమ్ బయట రూప బూట్లు చేతబట్టుకుని నిలబడి ఉంది. "గడ్డి మీద ఆడే జత ఇంట్ల ఉంది, అది ఈడ పనికిరాది. నా సైజు ఇంకెవ్వరికీ లేదు. ఇవి పీకేయాలె బాపూ, జల్ది."

"పీకుడెందుకు బిడ్డా? జారకుండ నేనే..."

"వినాయకున్ని చేయబోతే కోతి అయినట్టయింది" అని మాణిక్యమ్మ నెత్తి కొట్టుకుంది. "పటకార తే పో!"

స్కూటర్ డిక్కీలోంచి పటకార తెచ్చి, ఇస్సాకు మైదానం అంచునే చతికిలబడ్డాడు. మొదటి ముక్క పీకడానికే చెమటలు పట్టాయి. ఇంత గట్టిగా కొట్టమని రామ్‌చందర్‌కు చెప్పింది తనే కదా. పక్కన రూప మోకాళ్ల మీద కూర్చుని రెండో బూటు పట్టుకుంది.

"ప్లాస్టిక్ జారుతది గద బిడ్డా" అన్నాడు మెల్లిగా. అడుగుతున్నాడో చెబుతున్నాడో తెలియనట్టుంది ఆ మాట.

"గిది చాప గాదు బాపూ. పట్టుకుంటది. స్టడ్డు పొడుగుంటే పోగులల్ల దిగి ఆడనే ఉంటది. మనం తిరుగుతం, పాదం తిరగది. నడుమ మోకాలుంటది. గదే ఇరుగుతది."

"మరి జారితే?"

"జారితే ఏంగాదు. పడ్తం, తోలు గీస్కపోతది, లేస్తం. జారుడే మోకాలుని కాపాడ్తది. బురదలనన్నా గంతే, ప్లాస్టిక్ మీదనన్నా గంతే. కాలు ఇరుక్కుంటేనే ఆగమైతం."

పటకార ఆగిపోయింది.

ఇస్సాకు ఆ నల్ల రబ్బరు ముక్క వైపే చూస్తున్నాడు. "బాపు గిట్లనే పెద్దయి కొట్టిండు" అన్న రామ్‌చందర్ మాట చెవిలో మోగింది. ముసురు రోజు మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. ఉరికాడు, పక్కకు తిరిగాడు, కాలు... కాలు జారిందా? జారితే బూటు ఎక్కడుండాలి? ఇన్నేళ్లూ జనాన్ని నవ్వించిన మాట ఇప్పుడు ఆయననే నిలదీసింది.

"బాపూ, టైం లేదు."

మిగిలినవన్నీ పీకాడు. వేలు తెగి నెత్తురొచ్చినా చూసుకోలేదు. చిన్న బుడిపెలు ఒకటి రెండు చెక్కుకుపోయాయి గాని, బూటు బూటులాగే మిగిలింది. రిఫరీ బూట్లన్నీ తిరగేసి చూస్తూ రూప దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు, బొటనవేలితో అడుగు తడిమాడు, పొమ్మన్నాడు. ఇస్సాకు అప్పుడు ఊపిరి వదిలాడు.

మైదానం మీద నీళ్లు కొట్టారు. పచ్చటి ప్లాస్టిక్ ఎండలో తళతళలాడింది. ఆట మొదలైంది. పక్కన కూర్చున్నాయన ఇస్సాకును గుర్తుపట్టి "అన్నా, నువ్వు ఆడినోనివి గద. గడ్డి మంచిదా, గీ ప్లాస్టిక్ మంచిదా?" అని అడిగాడు. ఇలాంటి ప్రశ్న కోసం ఇస్సాకు మామూలుగా చెవి కోసుకుంటాడు.

"నాకు తెల్వది భాయ్."

పక్కాయన పరాచికం అనుకుని నవ్వాడు. ఇస్సాకు నవ్వలేదు. గడ్డిలో గుంట బిడ్డ కాలు తీసింది. ఈ ప్లాస్టిక్ మీద గుంట లేదు గాని, మరి తాను అంటించిన ముక్కలు అలాగే ఉండి ఉంటే? దేన్ని తిట్టాలో, ఎవరిని నమ్మాలో ఆయనకు బొత్తిగా తెలియలేదు. చేతిలో పటకార ఇంకా అలాగే ఉంది.

రెండో సగంలో ఎదుటి జట్టు అమ్మాయి బంతితో గోలు వైపు దూసుకొచ్చింది. రూప అడ్డంగా ఉరికి, కాలు చాపి, నేల మీద వాలిపోయింది. నీళ్లు చిమ్మాయి. సర్రుమని అంత దూరం పోయింది.

"జారిందయ్యో, నా బిడ్డ జారింది!" అని మాణిక్యమ్మ లేచి నిలబడింది.

"జారనియ్యి" అన్నాడు ఇస్సాకు.

ఆమె తిరిగి చూసింది. "జారుడే ఖతం జేసిందని పెండ్లయిన కాన్నుంచి నా చెవులు తూట్లు పొడిస్తివి. ఇప్పుడు జారనియ్యి అంటవేంది?"

ఆయన కళ్లు మైదానం మీదే ఉన్నాయి. తనకు తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు: "నా బూటు బురదల నాటుకున్నది మాణిక్యా. ఇద్దరు గుంజితే గని రాలే. జారినోని బూటు గట్ల నాటుకుంటదా?"

మాణిక్యమ్మ వేలు తెగిన ఆయన చెయ్యి తీసుకుని, కొంగుతో అదిమి పట్టుకుంది.

అక్కడ రూప లేచింది. తొడ మీద తోలు గీసుకుపోయి ఎర్రగా ఉంది. అంటుకున్న నల్ల రవ్వను అరచేత్తో దులుపుకుని, ఒకసారి మోకాలు వంచి చూసుకుని, బంతి వైపు ఉరికింది.