బోర్డుకేసి చెప్పిన పాఠాలు

చరిత్ర మాస్టారు బోర్డు మీద రాస్తూనే పాఠం చెబుతున్నారు. ముప్పయ్యొక్క ఏళ్ల అలవాటు. పిల్లలకేసి మొదలుపెట్టిన వాక్యం బోర్డుకేసి ముగుస్తుంది. బోర్డు మీద పడేది తేదీలూ పేర్లే, అసలు సంగతంతా నోటి మాటే. కుడి మోచేతికి సుద్దపొడి, మెట్లెక్కితే మోకాళ్ల నొప్పి. చెడ్డమనిషేం కాదు. బెత్తం పట్టి ఎరగరు. ఆ పని నోరే చూసుకునేది.

ఆ ఉదయం వెనక బెంచీ అమ్మాయి మళ్లీ దొరికిపోయింది. యుద్ధం ఎందుకొచ్చిందని అడిగితే లేచి నిలబడి ఆయన మూతికేసి చూసింది. బడి తెరిచిన కొత్తలో ముందు బెంచీలో ఇలాగే గుడ్లప్పగించి చూస్తుంటే, పొగరనుకుని ఆయనే వెనక్కి పంపారు.

"ఏం, జవాబు నా మొహం మీద రాసుందా?" అని, రోజూ అనే మాటే అన్నారు. "గోడకు చెప్పినా ఈపాటికి వచ్చేది. కూర్చో!"

క్లాసంతా నవ్వింది. అందరినీ ఓసారి చూసి, ఆలస్యంగా ఆ అమ్మాయీ నవ్వింది.

మధ్యాహ్నం టీచర్లకు శిక్షణ. రకరకాల పిల్లలకు ఒకే గదిలో ఎలా చెప్పాలన్నది విషయం. మాస్టారు చివరి వరుసలో కునుకుకు సిద్ధమయ్యారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినావిడ ఆయన కూతురి ఈడుది. ఫ్యాన్లన్నీ జోరుగా పెట్టించి, వీళ్లకు వీపు తిప్పి, గోడకేసి రెండు నిమిషాలు ఏదో గొణిగింది. ఇటు తిరిగి ఆయన్నే అడిగింది.

"మాస్టారూ, ఇప్పుడు నేనేం చెప్పాను?"

ఆయన లేచారు. తెలియకుండానే ఆవిడ పెదాలకేసి చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వారు, ఆలస్యంగా.

"సరిగా వినపడని పిల్లలు మనకు మొండివాళ్లలా కనిపిస్తారండీ. వాళ్లలో కొందరు మన మూతి చూసే మాట పట్టుకుంటారు. మనం వీపు తిప్పామా, పాఠం అక్కడితో సరి. వెనక కూర్చోబెడితే ఇంకా కష్టం."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఏడు నెలలు! ఆ పిల్ల తన మొహంలో పాఠం వెతుక్కుంటుంటే తను పొగరనుకున్నారు. ఎవరూ చూడకపోయినా సిగ్గుతో తల ఎత్తలేకపోయారు. శిక్షణ సగంలోనే లేచి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కారు. ముందు బెంచీలో చోటు చూపించాలి. ఆ తర్వాత ఏం మొహం పెట్టుకుని ఏం చెప్పాలో తెలియదు.

పిల్లలంతా ఆటలకు పోయిన తరగతి గదిలో ఆయా ఒక్కతే ఊడుస్తోంది.

"ఆ పిల్లా? ఇందాకే వాళ్ల నాన్నొచ్చి టీసీ తీసుకుని తోలుకెళ్లిపోయాడు సార్. కుట్టుపనికి పెడతాడంట. గోడకు చెప్పినా వస్తుందని సారే అంటున్నారంట కదా, ఇంకెందుకు చదువు అన్నాడు."

ఆ ఒక్క మాట మాత్రం మాస్టారు ఎప్పుడూ ఆ పిల్లకేసి తిరిగే అనేవారు, మొదటినుంచి చివరిదాకా.

"ఇది బెంచీ కింద పడుంది," అని ఆయా ఓ నోటుబుక్కు అందించింది.

తెరిచారు. గుండ్రటి అక్షరాల్లో అన్నీ ఆయన వాక్యాలే, ప్రతిదీ సగం దాకానే. మిగతా సగం పట్టేంత చోటు ఖాళీగా వదిలి, కింది గీత మీద ఇంకో వాక్యం మొదలై ఉంది.