పెరటి వైపు గోడ

నలుగురు పనివాళ్ళకి మూడు కిలోల బంగాళదుంపలు చాలుతాయని అత్తగారు ఎతెల్కా తేల్చేసింది. ఆవిడ అంచనా ఎప్పుడూ తప్పదు. ఎందుకంటే ఒకవేళ చాలకపోతే తగ్గేది కోడలి పళ్ళెంలోనే. పిరోష్క వంటింటి కిటికీ పక్కన కూర్చుని తొక్కలు తీస్తోంది. అక్టోబరు మొదటి వారానికే చలికి వేళ్ళ చివర్లు తెల్లబడిపోయాయి. ఏది దుంపో ఏది వేలో చూసుకుని కత్తి ఆడించాల్సి వస్తోంది. బయట కంచె దగ్గర మొగుడు లయోష్ పక్కింటాయనతో చెబుతున్నాడు. "అంతా మా పిరీ కోసమేనయ్యా. చలి చలి అని రెండేళ్ళుగా చెవిలో జోరీగ. పోనీ కదా అని ఇంటికి కోటు తొడిగిస్తున్నా."

కోటంటే థర్మాకోల్ పలకలు. గోడలకి బయటినుంచి అంటించి, పైన వల పరిచి, పూత పూసి, రంగేస్తారు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి ఇప్పటికే తొడిగారు. ఈ ఇల్లు అరవై ఎనిమిదిలో కట్టింది. లయోష్ తండ్రి, ఇరుగుపొరుగు మగవాళ్ళు కలిసి ఒకరి ఇంటికి ఒకరు సాయం పట్టే పద్ధతిలో ఒకే వేసవిలో లేపేశారు. పదకొండు మంది కట్టిన ఇల్లని లయోష్ గర్వంగా చెబుతాడు. ఆ వేసవంతా నిండు కడుపుతో ఆ పదకొండు మందికీ రెండు పూటలా వండింది ఎతెల్కా. ఆవిడ పన్నెండోది కాదు. వంటని ఇటుకల్లో కలపరు కదా.

ఇంటికి వీధివైపున ఉన్నది మంచి గది. అందులో మంచం మీద దిండ్లు ఒకదానిమీద ఒకటి కప్పు దాకా ఉంటాయి. వాటిమీద ఇంతవరకూ ఎవరూ తల పెట్టలేదు. అద్దాల బీరువాలో కాఫీ కప్పులు, వాటికింద లేసు గుడ్డలు. ఈస్టరుకీ క్రిస్మసుకీ, ఇల్లు దీవించడానికి ఫాదర్ వచ్చిన రోజునా తలుపు తీస్తారు. మిగతా రోజుల్లో సంసారమంతా వెనక వంటింట్లోనే. తిండి, టీవీ, బట్టల ఇస్త్రీ, ఎతెల్కా కునుకు తీసే సోఫా, అన్నీ అక్కడే. ఆ వంటింటి పెరటి గోడ ఉత్తరానికి ఉంది. ఎండ మొహం ఎరగని గోడ. దానికి చేరవేసిన పాత్రల బీరువా వెనక నల్లటి బూజు పడుతుంది. ప్రతి శుక్రవారం పిరోష్క బీరువా జరిపి, వెనిగరూ బ్రష్షూ పట్టుకుని దాన్ని తోమేసి, మళ్ళీ బీరువా యథాస్థానంలో పెడుతుంది.

ఈ ఇంటికి రాకముందూ, వచ్చాక ఏడేళ్ళపాటూ ఆమె బడిలో భౌతికశాస్త్రం చెప్పేది. పందొమ్మిదేళ్ళ క్రితం ఎతెల్కా చెర్రీ చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. రెండు నెలలు ఇంట్లో ఉండవే అన్నాడు లయోష్. తుంటి రెండు నెలల్లోనే అతుక్కుంది. ఉద్యోగమే అతుక్కోలేదు. చదువు మాత్రం ఎక్కడికి పోతుంది? రెండు చలికాలాలు ఇంట్లో మూడు చోట్ల ఉష్ణమాపకాలు తగిలించి, రోజూ పొద్దున్నే చూసి నోటు పుస్తకంలో రాసింది. లయోష్ బస్సు డ్రైవరు. బస్సులో హీటరు సరిగ్గా మోకాళ్ళ దగ్గరే ఉంటుంది. "ఇంట్లో చలి ఉందో లేదో చెప్పడానికి గాజు గొట్టం దేనికే? నన్నడుగు, నే చెప్తా. లేదు," అన్నాడు. చేతులు వెచ్చగా ఉంచుకోకపోతే వేళ్ళు పుండ్లు పడతాయనీ, ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే తన బాధ్యత లేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే, తెల్లటి వేళ్ళయితే పిండి కలిపినా కనబడదులే అని ఎతెల్కా నవ్వింది. పిరోష్క కూడా నవ్వింది. జోకు బాగానే ఉంది మరి.

చివరికి లయోష్ సరేనన్నాక, సెప్టెంబరులో పిరోష్క ఏడుగురికి ఫోన్లు చేస్తే దొరికాడు కాల్మాన్ మేస్త్రి. వచ్చీ రాగానే అయ్యగారు లేరా అని అడిగాడు. లేరంది. బీరువా జరిపి గోడ చూపించింది. ఆయన పుచ్చకాయ కొన్నట్టు వేలితో కొట్టి చూశాడు.

"మేస్త్రిగారూ, ముందు ఈ గోడ చెయ్యండి. మిగతా మూడూ చేసి దీన్నొక్కదాన్ని వదిలేస్తే ఇంట్లో చెమ్మంతా దీనిమీదకే వస్తుంది. సూపు ఆవిరీ, తడిబట్టల తేమా, మా ముగ్గురి ఊపిరీ. చెమ్మ ఎప్పుడూ అన్నిటికన్నా చల్లటి చోటే వెతుక్కుంటుంది."

కాల్మాన్ టోపీ తీశాడు. "నిజమేనమ్మా. ఇన్ని ఇళ్ళు చేశాను, ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. ఇక్కడే మొదలెడదాం."

ఆ సంతోషంలో ఆయనకి గసగసాల రొట్టె రెండు ముక్కలు ఎక్కువే పెట్టింది. పందొమ్మిదేళ్ళ తర్వాత ఎవరో ఆమె పాఠం విన్నారు.

సాయంత్రం లయోష్ వచ్చాక మగవాళ్ళిద్దరూ అక్రోటు చెట్టు కింద కూర్చున్నారు. ప్లమ్ పళ్ళ సారా మొదటి గ్లాసుకి పని పెరట్లోనే మొదలవుతుందన్నారు. రెండో గ్లాసుకి ఎదురింటివాళ్ళు పది సెంటీమీటర్ల పలక వేయించారన్న సంగతి వచ్చింది. మనం పదిహేను వేద్దామన్నాడు లయోష్. మూడో గ్లాసుకి పిరోష్క ఉప్పు బిస్కట్లు తెచ్చి పెడుతుండగా పని వీధివైపుకి నడిచిపోయింది. వీధి వైపయితే ఊరు చూస్తుంది, పెరట్లో ఎవరు చూస్తారు, కోళ్ళా అన్నాడు లయోష్. కిటికీల చుట్టూ పువ్వుల అంచు కూడా కావాలన్నాడు. మేస్త్రి ఆమె మొహం చూడకుండా బిస్కట్ తీసుకున్నాడు. మర్నాడు అడిగితే, "అయ్యగారితో మాట్లాడుకున్నామమ్మా," అన్నాడు.

ఒక లారీ పలకలు అప్పటికే ఆర్డరు చెప్పేశారు. మందం పెంచితే అదే లారీలో తక్కువ పలకలు పడతాయనీ, నాలుగు గోడలకీ చాలవనీ పిరోష్క నోటు పుస్తకం చూపించి చెప్పింది. నువ్వు వంట సంగతి చూడు, వాళ్ళకి ముందు సూపు ఉండాలి, లేకపోతే పని మీద మనసుండదు అన్నాడు లయోష్. ఆ ఊళ్ళో పనివాళ్ళకి భోజనం పెట్టడం ఒప్పందంలో భాగం. రాయనవసరం లేని భాగం. మూడు వారాలు రోజూ ముందు సూపు, తర్వాత ఎర్రమిరప పొడి వేసిన మాంసం, వెనకాల తీపి. కిటికీ అవతల మంచి గది గోడకి పలక మీద పలక ఎక్కుతోంది. పులుసు కలుపుతూ ఆ టకటక వింటూ ఆమె మనసులోనే లెక్కపెట్టుకునేది. మూల తిరిగేసరికి పలకలు అయిపోతాయని ఆమెకి మూడో రోజుకే తెలుసు. ఎంత తెలిసి ఏం లాభం? తెలిసిన సంగతిని కూడా పోపులో వేసి తిప్పాల్సిందే.

అన్నట్టే మూల తిరిగేసరికి అయిపోయాయి. వెంటనే వాన పట్టుకుంది, ఆపైన చలి. ఇంత చలిలో జిగురు పట్టదనీ, వసంతంలో వస్తామనీ కాల్మాన్ నిచ్చెనలు బండికెక్కించాడు. వెళ్ళేముందు వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు.

"మీరప్పుడే చెప్పారు."

"చెప్పాను."

"ఇంటి యజమాని ఆయన కదమ్మా," అన్నాడు, తప్పు ఒప్పుకున్నట్టే. మిగిలిన రొట్టె పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది. ఇచ్చాక తన చేతుల వంక తనే విసుగ్గా చూసుకుంది. అలవాటు పడిపోయాయి పాపం, ఎవరు కనబడినా పెట్టేస్తాయి.

వీధివైపు ఇల్లు పీచ్ పండు రంగులో మెరిసిపోతోంది. ఆదివారం లయోష్ మిగిలిన ముక్కలన్నీ పోగేసి, ఈల వేసుకుంటూ కుక్కగూటికి అంటించాడు. "నాలుగువైపులా చేశా," అన్నాడు మురిసిపోతూ. పిరోష్క ఒక ఉష్ణమాపకం గూట్లో పెట్టి పొద్దున్నే వెళ్ళి చూసింది. కుక్క బొద్రి తోకాడించింది. నోటు పుస్తకంలో ఆ రోజు పేజీలో రాసుకుంది: బొద్రి, పన్నెండు. నేను, ఏడు. లయోష్‌కి చూపిస్తే, కుక్కకి ఒంటి వేడి ఎక్కువన్నాడు.

డిసెంబరుకి చెమ్మ వచ్చింది. ఆమె చెప్పిన దారినే, చెప్పిన చోటికే. శుక్రవారం తోమితే మంగళవారానికే గోడ నల్లబడుతోంది. బీరువా వెనక నుంచి పైకి పాకి, కప్పు మూల దాకా పోయింది. మంచి గదిలో దిండ్లు పొడిగా, వెచ్చగా, హాయిగా ఉన్నాయి. పిరోష్క వేళ్ళు పగిలాయి. పగుళ్ళలో వెనిగరు పడితే ప్రాణం జివ్వుమంటోంది.

ఒక శుక్రవారం బీరువా జరిపి, బ్రష్షు వెనిగర్లో ముంచి, అలాగే నిలబడిపోయింది. తర్వాత బ్రష్షు కడిగి, దులిపి, తలుపు వెనక మేకుకి తగిలించింది. బీరువాని మాత్రం వెనక్కి నెట్టలేదు. పక్క గోడ దాకా లాగేసింది. సోఫాలోంచి ఎతెల్కా అడిగింది.

"ఏం వెతుకుతున్నావే?"

"ఏం లేదు అత్తమ్మా. గోడ కనబడనీ అని."

ఎతెల్కా గోడ వైపు తల తిప్పింది. "నేను సున్నం కొట్టేదాన్ని," అంది. "ప్రతి శనివారం. మీ మామగారు పోయేదాకా ఆయనకి తెలీదు." శాలువా మెడదాకా లాక్కుంటూ అంది, "ఇలాంటివి మగాళ్ళకి చూపించకూడదే, పిరీ. ఇల్లు పాడయిందనుకుంటారు."

పిరోష్క ఆవిడ కాళ్ళమీద ఇంకో దుప్పటి కప్పింది.

లయోష్ కంటికి ఆ గోడ ఆనడానికి పదకొండు రోజులు పట్టింది. చెంచా సూపు నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాడు.

"ఇదేమిటే? ఎప్పుడొచ్చింది?"

"ఇరవయ్యారేళ్ళయింది."

"మరి నాకెప్పుడూ కనబడలేదే?"

"కనబడకుండా తోమేదాన్ని, ప్రతి శుక్రవారం."

లయోష్ చెంచా కింద పెట్టాడు. గోడని పై నుంచి కింద దాకా చూశాడు. లేచి దగ్గరికెళ్ళి వేలితో రాశాడు. నల్లటి వేలు దీపం వెలుతురులో పట్టుకుని నిదానంగా, మనస్ఫూర్తిగా ఆలోచించాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గోడ ముందు అంతసేపు నిలబడడం అదే మొదటిసారి. ఎతెల్కా టీవీ శబ్దం తగ్గించింది.

"వెనిగరు అయిపోయిందా?" అన్నాడు, జాలిగా. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా. రేపు వచ్చేటప్పుడు తెస్తాలే."

పిరోష్క ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె సూపు వెయ్యబోయి, గరిటెని తిరిగి గిన్నెలోనే పెట్టేసింది.

"తెచ్చుకో," అంది. "బ్రష్షు తలుపు వెనకుంది."