జానెడు బొడ్డుపేగు

తండాలో మంత్రసాని ధర్మి చేతుల మీద రెండు వందల మంది దాకా పుట్టారు. తల్లుల్లో దక్కనిది ఒక్కతే, ఆమె సొంత చెల్లెలు దేవీబాయి. ఇరవై రెండేళ్ల కిందట, నెలలు నిండుతుండగా ఒళ్లంతా వాచి, ఫిట్స్ వచ్చి, బాన్సువాడ దవాఖానకు చేరేలోపే కన్నుమూసింది. ఎందుకలా అయిందో ధర్మికి అంతుపట్టలేదు.

హైదరాబాద్‌లో ధర్మి కూతురు రేఖ చేసే పరిశోధన ఆ జబ్బు మీదే. గర్భిణులకు వచ్చే బీపీ రక్తనాళాలను ఎలా పాడుచేస్తుందో చూడటానికి, అగ్గిపెట్టెలో సగమంత చిప్‌లో సన్నని కాలువ తీసి, దాని గోడలకు మనిషి రక్తనాళాల కణాలను పెంచాలి. ఆ కణాలు బొడ్డుపేగులో దొరుకుతాయి. అనుమతులన్నీ తీసుకుని బాన్సువాడ దవాఖానకు వచ్చింది. వారమైనా ఒక్క తల్లీ సంతకం పెట్టలేదు. మాయనూ బొడ్డుపేగునూ పాతిపెట్టడం వాళ్ల ఆనవాయితీ.

"నువ్వు కాగితం చూపిస్తున్నవ్ బిడ్డా. గా కాగితం చూస్తే ఎవలైనా భయపడతరు," అంది ధర్మి.

"మరేం జెయ్యాలె యాడీ?" తల్లిని రేఖ అలాగే పిలుస్తుంది.

"నీకెంత గావాలె?"

"జానెడు."

"మిగిలింది వాపస్ ఇస్తవా?"

"ఇస్త."

మర్నాడు ధర్మి వార్డులో జమ్లి అనే గర్భిణి మంచం పక్కన కూర్చుని దేవీబాయి సంగతంతా చెప్పింది. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

"జానెడు నా బిడ్డకియ్యి. మిగిలింది మీ అత్త చేతుల పెడ్త, పాతిపెట్టుకోండ్రి. ఇష్టం లేకుంటే వద్దను, నేనేం అనుకోను."

"రేపు నాకట్ల అయితే? తీసుకోండ్రి," అని జమ్లి తనే పెన్ను అడిగింది.

ఆ నెలలో తొమ్మిది మంది ఇచ్చారు. ముక్కలు ఐసు డబ్బాల్లో హైదరాబాద్ బస్సెక్కాయి. మొదటి నాలుగింటి కణాలు గోడకు అతుక్కోలేదు. తర్వాత రెండు చిప్‌లు కారిపోయాయి. ఏడోది నిలిచింది.

ఏడాది తిరక్కముందే రేఖ ఆ చిప్ ఫలితాలు పట్టుకుని బాన్సువాడకు వచ్చింది. దవాఖాన హాల్లో డాక్టర్లు, నర్సులు, బిడ్డలను ఎత్తుకున్న తల్లులు కూర్చున్నారు. తెర మీద కణాలు సందు లేకుండా ఒకదానికొకటి ఒరుసుకుని కనిపించాయి. జబ్బున్న తల్లి రక్తం నుంచి తీసిన సీరం పారించగానే వాటి మధ్య సందులు విచ్చుకున్నాయి.

"గీ సందులకెళ్లి నీరు బయటికొస్తది. అందుకే ఒళ్లు వాస్తది," అంది రేఖ.

రెండో వరుసలో ధర్మి లేచి నిలబడింది. "దేవికి గిట్లనే అయిందా?"

"గిట్లనే యాడీ. నీ చేతుల తప్పేం లేదు."

ధర్మి కొంగుతో కళ్లు తుడుచుకుంది. కూర్చోలేదు. ఇంత మంది తల్లులను ఒప్పించిందెవరని పెద్ద డాక్టరమ్మ అడిగితే, మైకు కోసం చూడకుండా నిటారుగా నిలబడి చెప్పింది.

"నేనే. నా పేరు ధర్మి. గా తెర మీది నాళం కట్టింది నా బిడ్డ."

వెనక నుంచి జమ్లి మొదట చప్పట్లు కొట్టింది. అవి ఆగేదాకా రేఖ తర్వాతి బొమ్మ చూపించలేకపోయింది.