సముద్రం దాటిన కేక

నంఫామో నోరు పడిపోను! నుమీడియాలో, ఊరి సంత నడిమధ్య, నలుగురూ వింటుండగా అన్నాడా మాట. స్వయానా మిగ్గిన్ పెళ్ళాం తమ్ముడు.

"మీ సంఘం ఆఫ్రికాలో ఓ మూలకు సరిపోతుంది బావా. క్రీస్తు సంఘం సార్వత్రికం అంటే లోకమంతా ఉండేది."

మిగ్గిన్‌కు ఒళ్ళు మండింది. "చక్రవర్తి వేధింపుల్లో పవిత్ర గ్రంథాలు సైనికులకు అప్పగించిన పిరికివాళ్ళ మనవడివి, నువ్వా నాకు చెప్పేది? ఇసుమంత కల్తీ లేనిదే సార్వత్రికం రా బామ్మర్దీ!"

"అయితే మీ బిషపు ఉత్తరం పట్టుకుని సముద్రం దాటు. అక్కడి గుడిలో అది చూసి నీకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇస్తే నా నూనె గానుగ నీది."

"ఇవ్వకపోతే నా కొండవాలు ఒలీవ తోట నీది, పో!"

ఇద్దరూ నూనె జాడీలతో ఒకే ఓడలో రోము దగ్గరి ఓస్తియా రేవుకు చేరారు. ఆదివారం ఉదయం గుడి వాకిట్లో పరిచారకుడు ఉత్తరాలు అడిగాడు. నంఫామోది చూడగానే కావలించుకుని ముందుకు పంపాడు. మిగ్గిన్‌ది అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఎవరయ్యా ఈ బిషపు?"

"నుమీడియా అంతా ఎరుగుదురు!"

"సిరియావాళ్ళు ఎరగాలి, గాల్ వాళ్ళు ఎరగాలి పెద్దాయనా. వెనక నిలబడి ప్రసంగం విను. రొట్టె మాత్రం ఇవ్వలేను."

అంతే, తోట పోయింది. మిగ్గిన్ పళ్ళు కొరుకుతూ వెనక నిలబడ్డాడు. పక్కన ఒక సిరియావాడు ముక్కుతో పాడుతున్నాడు. ఒక ఈజిప్టు ముసలమ్మ తాళం తప్పుతూ చప్పట్లు కొడుతోంది. గాల్ వాడొకడు ఇతని కాలు తొక్కి, అర్థంకాని భాషలో పది క్షమాపణలు చెప్పాడు. మాటలు వేరు, కీర్తన ఒకటే. మిగ్గిన్‌కు గొంతులో ఏదో గిలిగింత పెట్టింది. ఎక్కడున్నాడో మరిచిపోయి రెండు చేతులూ ఎత్తి అరిచాడు:

"దేవునికి స్తుతి!"

ఊళ్ళో అది మిగ్గిన్ వర్గం దండు కర్రలతో వచ్చేముందు వేసే కేక. అది వినబడితే నంఫామో వర్గం కొట్లు మూసేస్తుంది. ముందు వరసలో నంఫామో రెండు చేతులతో తల కప్పుకుని చతికిలబడ్డాడు.

ఇక్కడ మాత్రం గుడంతా అందుకుంది. "దేవునికి స్తుతి!" సిరియావాడు రెండుసార్లు అరిచాడు. ముసలమ్మ గెంతింది. గాల్ వాడు మిగ్గిన్‌ను అమాంతం పైకెత్తాడు. గాల్లో కాళ్ళు ఆడిస్తూ మిగ్గిన్ ఇంకో నాలుగుసార్లు అరిచాడు, నవ్వాపుకోలేక వెక్కిళ్ళు వచ్చేదాకా. తల పైకెత్తి చూసిన నంఫామో కూడా, సిగ్గు లేకుండా, గొంతు కలిపాడు.

బయటికొచ్చాక నంఫామో కళ్ళు తుడుచుకున్నాడు. "నీ కేక లోకమంతా పట్టింది బావా. పందెం వదిలెయ్, తోట వద్దు."

"కేక చెల్లింది, నేనూ చెల్లాను. ఉత్తరం చెల్లలేదు. నీ దయ నాకొద్దు, తీసుకో!" ఇంకా వెక్కిళ్ళు ఆగకుండానే అన్నాడు మిగ్గిన్.

నంఫామో కాస్త బతిమాలుతాడేమో అనుకున్నాడు. ఆ దొంగ రెండోసారి వద్దనలేదు.

పోయింది మూడు యూగెరాల నేల, అంటే రెండెకరాలకు కాస్త తక్కువ, అరవై రెండు ఒలీవ చెట్లు, అందులో ఒకటి పిడుగు పడినది.